ఆట పుస్తకాన్ని జప్తు చేసిన రోజు: సైబర్‌పంక్ కంప్యూటర్ల నేపథ్యం

1990 మార్చి 1 ఉదయం టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే చిన్న ప్రచురణ సంస్థ మీద అమెరికా సీక్రెట్ సర్వీస్ సోదాకు దిగింది. కంప్యూటర్లతో పాటు, అచ్చుకు సిద్ధమవుతున్న ‘గర్ప్స్ సైబర్‌పంక్’ పుస్తకం చిత్తుప్రతులనూ పట్టుకుపోయింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా ఆడుకునే ఆటకు అది నియమాల పుస్తకం. సైబర్‌పంక్ అంటే కంప్యూటర్ నెట్‌వర్క్‌లు, పెద్ద కంపెనీలు రాజ్యమేలే భవిష్యత్తును ఊహించే కథల తరహా. వాటిని తిరిగి ఇమ్మని సంస్థ యజమాని స్టీవ్ జాక్సన్ అడగబోతే, ఇది కంప్యూటర్ నేరాలకు చేతిపుస్తకమని ఒక ఏజెంటు అన్నాడు. కల్పన అని ఎంత చెప్పినా వినలేదని జాక్సన్ తర్వాత రాశాడు.

ఆ ఏజెంటు తెలివితక్కువవాడని కొట్టిపారేయడం సులువు. కానీ అప్పటికి పదిహేనేళ్లుగా కథల్లోని కంప్యూటర్లు, నిజం కంప్యూటర్లు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటూనే ఉన్నాయి.

1975లో జాన్ బ్రన్నర్ ‘ది షాక్‌వేవ్ రైడర్’ నవల రాశాడు. అందులో కథానాయకుడు దేశమంతా అల్లుకున్న నెట్‌వర్క్‌లోకి, తనంతట తానే పాకిపోయే ప్రోగ్రామును వదిలి, ప్రభుత్వం దాచిన రహస్యాలను జనం ముందు పెడతాడు. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో జాన్ షోచ్, జాన్ హప్ అలాంటి ప్రోగ్రాములనే ఖాళీగా ఉన్న యంత్రాల మీద నడిపి చూశారు. 1982 నాటి పరిశోధన వ్యాసంలో వాటిని వర్మ్‌లని పిలిచి, ఆ పేరు బ్రన్నర్ నవలలోదేనని చెప్పుకున్నారు. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన వర్మ్ ఇంటర్నెట్‌లో వేల యంత్రాలను కదలనివ్వలేదు.

సైబర్‌పంక్ నవలాకారుడు విలియం గిబ్సన్ దారి వేరు. 1984లో వచ్చిన ‘న్యూరోమాన్సర్’ను ఆయన మామూలు టైప్‌రైటర్ మీద రాశాడు. కంప్యూటర్ల గురించి ఆయనకు తెలిసింది తక్కువ. వాంకూవర్‌లో వీడియోగేమ్ యంత్రాల ముందు ఒళ్లు మరచి నిలబడ్డ కుర్రాళ్లను చూసి, తెర వెనక ఒక లోకం ఉందని వాళ్లు నమ్ముతున్నారని గ్రహించాడు. ఆ నవలలో మూడు మెగాబైట్ల ర్యామ్ దొంగసొత్తుగా చేతులు మారుతుంది; ఇవాళ ఫోనులో తీసిన ఒక ఫొటోకైనా అది చాలకపోవచ్చు. సాంకేతిక వివరాలు అలా పాతబడ్డాయి గానీ సమాచారం ఎవరి చేతిలో ఉంటుందన్న ఊహ పాతబడలేదు. అక్కడ డేటా అంతా పెద్ద కంపెనీల సొత్తు. దాన్ని ‘ఐస్’ అనే, ప్రాణాలు కూడా తీయగల రక్షణ ప్రోగ్రాము కాపలా కాస్తుంది. లోపలికి దూరేవాడు కూడా ఎవరికో కిరాయివాడే. సైబర్‌పంక్‌లో కంప్యూటర్ అసలు పాత్ర ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. అది కేవలం పనిముట్టు కాదు, అధికారం కొలువుండే చోటు.

1990 నాటికి ప్రభుత్వమూ దాన్ని అలాగే చూడసాగింది. జనవరి 15న ఏటీ అండ్ టీ దూరవాణి వ్యవస్థ గంటల తరబడి కుప్పకూలింది. తప్పు ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నా, అనుమానం హ్యాకర్ల మీదికే పోయింది. అదే నెలలో మోరిస్‌ను జ్యూరీ దోషిగా తేల్చింది. ఆస్టిన్ సోదాకు కారణం నిజానికి ఆట పుస్తకం కాదు. అత్యవసర ఫోన్ సేవల గురించి బెల్‌సౌత్ కంపెనీ రాసుకున్న ఒక పత్రం ఎవరో కాజేయగా, అది చేతులు మారుతూ వచ్చింది. ఆట పుస్తకం రచయిత తన ఇంట్లో నడిపే బులెటిన్ బోర్డు (ఫోన్ లైను ద్వారా కంప్యూటర్లతో సందేశాలు పంచుకునే వేదిక) మీద దాని కోసం సీక్రెట్ సర్వీస్ కన్ను పడింది. దాదాపు 80 వేల డాలర్ల విలువ చేస్తుందన్న ఆ పత్రంలోని సమాచారం 13 డాలర్ల పుస్తకంలో ఎవరికైనా దొరుకుతుందని అదే ఏడాది మరో కేసు విచారణలో బయటపడి, ఆ కేసే వీగిపోయింది.

ఈలోగా జాక్సన్ దాదాపు సగం మంది సిబ్బందిని తీసేయాల్సి వచ్చింది. ఆయన సంస్థ మీద కేసంటూ ఏదీ పెట్టలేదు. పాత ప్రతులు ఏరుకుని, గుర్తున్నంత మేర తిరిగి రాసి పుస్తకం తెచ్చారు. ఇలాంటి దాడులు చూసే మిచ్ కేపర్, జాన్ పెర్రీ బార్లో, జాన్ గిల్మోర్ ఆ జూలైలో కంప్యూటర్ లోకంలో పౌరహక్కుల కోసం ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ పెట్టి, జాక్సన్ దావాకు అండగా నిలిచారు. 1993లో న్యాయమూర్తి శామ్ స్పార్క్స్ సీక్రెట్ సర్వీస్‌ది తప్పని తేల్చి, 50 వేల డాలర్లకు పైగా పరిహారం ఇప్పించాడు.

ఒక్క అంశం మాత్రం జాక్సన్‌కు దక్కలేదు. జప్తయిన యంత్రంలో గ్రాహకులు ఇంకా చదవని 162 ఈమెయిల్ ఉత్తరాలున్నాయి. వాటిని పట్టుకుపోవడం ఫోన్ మీద చెవి వేయడంతో సమానమని ఆయన న్యాయవాదులు వాదించారు. 1994లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. దొంగచాటుగా ఫోన్ వినకుండా చట్టం ఇచ్చే రక్షణ, యంత్రంలో నిల్వ ఉన్న ఉత్తరానికి వర్తించదని తీర్పిచ్చింది.