బాలిచియావో వంతెన నుంచి వేలం హాలు దాకా: యువాన్‌మింగ్‌యువాన్ గొడవ వెనక ఒక నెల కథ

యువాన్‌మింగ్‌యువాన్ (బీజింగ్ దగ్గర చైనా చక్రవర్తుల తోట, అందులో వాళ్ల భవనాలు, 1860లో బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు దోచి తగలబెట్టినది) వస్తువుల గొడవ మళ్లీ మొదలైంది. యూరప్‌లో ఎక్కడైనా వేలానికి ఆ తోటలోని కంచు పాత్రో జేడ్ బొమ్మో వచ్చిందంటే చాలు, చైనా అది మా దగ్గర దోచుకెళ్లింది ఇచ్చేయండి అంటుంది, అటు వైపు వాదించేవాళ్లు వెంటనే ఖైదీల సంగతి తీస్తారు, తెల్ల జెండా పట్టుకుని వెళ్లిన మనుషుల్ని పట్టుకుని చిత్రహింస పెట్టి చంపారు కదా, దానికి పడిన శిక్ష అది అంటారు.

నల్లమందు ఎవరు అమ్మారు, 1842లో హాంకాంగ్ ఎలా పోయింది, ఇవన్నీ తెలిసినవే, మళ్లీ ఎందుకు. ఈ తగాదాకి పనికొచ్చేది బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి చైనా మీద చేసిన రెండో నల్లమందు యుద్ధం చివర్లో ఒకే ఒక నెల. 1860 సెప్టెంబర్ 18 నుంచి అక్టోబర్ 18 దాకా. ఇందులో ఏది ముందు ఏది తర్వాత అన్నదే అసలు విషయం, వాదించుకునేవాళ్లు ఎక్కువగా కలిపేసేది కూడా దాన్నే.

సెప్టెంబర్ 18న బీజింగ్‌కి తూర్పున టోంగ్‌జౌ దగ్గర సంధి మాటలు నడుస్తుండగానే బ్రిటిష్ తరఫున మాట్లాడుతున్న హ్యారీ పార్క్స్, హెన్రీ లాక్, టైమ్స్ పత్రిక విలేకరి బౌల్బీ, వాళ్ల వెంట ఉన్న ఫేన్స్ హార్స్ అనే గుర్రపు దళం సిక్కు సవార్లు, కొందరు ఫ్రెంచ్ వాళ్లు పట్టుబడ్డారు. పట్టుకున్నది మంగోల్ సేనాని సెంగె రిన్‌చెన్ మనుషులు. పార్క్స్‌ని పట్టుకుంటే దండయాత్ర ఆగిపోతుందని వాళ్ల లెక్క. తప్పు లెక్కే, తప్పు పని కూడా, తెల్ల జెండాకి ఒక మర్యాద ఉంటుంది, అందులో చింగ్ (అప్పట్లో చైనాని ఏలిన వంశం) ప్రభుత్వాన్ని వెనకేసుకు రావడానికి ఏం లేదు.

మూడు రోజులకి, 21న, బాలిచియావో. యూరప్ వాళ్లు పాలికావో అని రాసేది దీన్నే. టోంగ్‌జౌ కాలువ మీద పాలరాతి వంతెన, కటకటాల పొడవునా చెక్కిన సింహాలు. అవతల సెంగె రిన్‌చెన్ దగ్గర ముప్పై వేల దాకా సైన్యం అంటారు, అందులో గుర్రపు దళమే బలం, చేతిలో విల్లంబులు, ఈటెలు, వత్తి అంటించి పేల్చే తుపాకులు. ఇటు బ్రిటిష్, ఫ్రెంచ్ కలిపితే దాదాపు ఎనిమిది వేలు, కానీ ఫిరంగులు ఉన్నాయి, బ్రిటిష్ వాళ్ల దగ్గరైతే కొత్త ఆర్మ్‌స్ట్రాంగ్ గన్స్. వంతెన మీదికి ఫ్రెంచ్ వాళ్లు వెళ్లారు, ఎడమ పక్క నుంచి బ్రిటిష్ సేనాని హోప్ గ్రాంట్ బ్రిటిష్, పంజాబీ గుర్రపు దళాలతో చుట్టుకొచ్చాడు. మంగోల్ రౌతులు మళ్లీ మళ్లీ మీదికొచ్చారు, ఫిరంగి దెబ్బకి వచ్చిన గుంపు వచ్చినట్టే కూలింది. అందరూ వెనక్కి తగ్గాక కూడా ఒక జెండా మోసేవాడు వంతెన మధ్యలో కదలకుండా నిలబడి అక్కడే చనిపోయాడని ఫ్రెంచ్ వాళ్లే మెచ్చుకుంటూ రాసుకున్నారు. దాడికి వచ్చినవాళ్లలో చనిపోయింది పదిమంది లోపే, చైనా వైపు వందల్లో. ఫ్రెంచ్ సేనాని మాంటోబాన్‌కి తర్వాత కౌంట్ ఆఫ్ పాలికావో బిరుదు కూడా దక్కింది.

మర్నాడే షియాన్‌ఫెంగ్ చక్రవర్తి వేట పేరు చెప్పి ఉత్తరానికి రెహె వెళ్లిపోయాడు. వెళ్లింది యువాన్‌మింగ్‌యువాన్ నుంచే, ఆయన ఉంటున్నది అక్కడే మరి. తమ్ముడు ప్రిన్స్ గోంగ్ మీద సంధి భారం పడేశాడు. అంటే ఆ తోటకి రక్షణ పోయింది ఆ వంతెన దగ్గరే, ఆ తర్వాత మిగిలింది ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్తారన్నదే.

వెళ్లింది అక్టోబర్ 6 సాయంత్రం, ముందు ఫ్రెంచ్ వాళ్లు. గేటు దగ్గర కొద్దిమంది కాపలావాళ్లు అడ్డుపడ్డారు, తోట బాధ్యత చూసే వెన్‌ఫెంగ్ చెరువులో దూకి చనిపోయాడు. 7 నుంచి దోపిడీ. గడియారాలు, పట్టు థాన్లు, జేడ్, బంగారం, మోయగలిగినంత మోశారు, మోయలేనిది పగలగొట్టారు. బ్రిటిష్ వాళ్లు పద్ధతిగా ప్రైజ్ కమిటీ వేసి, తెచ్చినదంతా వేలం వేసి ఆఫీసర్లకి ఇంత, సిపాయిలకి ఇంత అని పంచుకున్నారు. అక్కడి పెకినీస్ కుక్క పిల్లని విక్టోరియా రాణికి ఇచ్చి దానికి లూటీ అనే పేరు పెట్టారు, దాచుకునే ఉద్దేశం కూడా లేదన్నమాట.

ఇప్పుడు తేదీలు చూడండి. పార్క్స్, లాక్ విడుదలైంది అక్టోబర్ 8న. మిగతావాళ్లు ఎలా చనిపోయారో బయటపడింది ఆ తర్వాత, శవాలు పెట్టెల్లో వచ్చాకే. చేతులు వెనక్కి విరిచి తాళ్లతో కట్టి, ఆ తాళ్లు బిగుసుకోవాలని నీళ్లు పోశారు, మణికట్లు కుళ్లి పురుగులు పట్టాయి. బ్రిటిష్ పక్షం 26 మందిలో బతికొచ్చింది 13 మంది, బౌల్బీ రాలేదు, చాలామంది సిక్కు సవార్లూ రాలేదు. ఘోరమే. దీనికి శిక్ష అని బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ (ఏథెన్స్ శిల్పాలు తెచ్చుకున్న ఎల్గిన్ కొడుకే, తర్వాత మనకి వైస్రాయ్‌గా వచ్చి ధర్మశాలలో పోయినాయన) తోటని తగలబెట్టమన్నాడు, 18న నిప్పు పెట్టారు. దోచుకోవడంలో ముందున్న ఫ్రెంచ్ వాళ్లు తగలబెట్టడానికి మాత్రం మేం రామన్నారు.

కాబట్టి ఖైదీల చావు చెప్పి సమర్థించాలంటే సమర్థించగలిగేది 18 నాటి మంటని. 7 నాటి దోపిడీని కాదు, అప్పటికి ఆ చావుల వార్తే రాలేదు. వేలం హాళ్లకి వచ్చేవి దోపిడీలో పోయినవి.

మన వాళ్ల సంగతి కూడా ఒక మాట. ఈ దండయాత్రలో మద్రాస్ సాపర్స్ ఉన్నారు, తెలుగు, తమిళ ప్రాంతాల నుంచి మనుషుల్ని తీసుకున్న సైనిక ఇంజనీర్ల దళం. టాకూ ఫోర్ట్స్, పెకిన్ 1860 అనే యుద్ధ గౌరవాలు వాళ్ల పేరు మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఇక వస్తువుల విషయానికొస్తే, 2009లో పారిస్ క్రిస్టీస్ వేలంలో ఎలుక, కుందేలు కంచు తలలకి పాడుకున్న చైనా వ్యాపారి డబ్బు కట్టనని ఎదురు తిరిగాడు, చివరికి 2013లో వాటిని క్రిస్టీస్ యజమానులైన పినో కుటుంబం చైనాకి ఇచ్చేసింది. 2018లో ఇంగ్లండ్ కాంటర్‌బరీలో టైగర్ యింగ్ అనే పాత కంచు పాత్ర 4,10,000 పౌండ్లకి పోయింది. దాన్ని తెచ్చిన మెరీన్ ఆఫీసర్ తోటలో లూటీ గురించి ఇంటికి రాసిన ఉత్తరాలు కూడా దొరికాయి, చైనా వద్దన్నా వేలం ఆగలేదు, కొన్నవాళ్లు పేరు చెప్పకుండా బీజింగ్ నేషనల్ మ్యూజియానికి ఇచ్చేశారు. నార్వేలోని బెర్గెన్ మ్యూజియం నుంచి ఏడు పాలరాతి స్తంభాలు 2023లో వెనక్కొచ్చాయి. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం మాత్రం 1963 చట్టం చూపిస్తుంది, తన దగ్గరున్నవి ఇచ్చేయడానికి ఆ చట్టం చాలా తక్కువ సందర్భాల్లోనే ఒప్పుకుంటుంది, దాన్ని మార్చాలంటే పార్లమెంటే మార్చాలి.