పాపసంకీర్తనం చేసినా నెమ్మది లేదా? అపోహలు - వాస్తవాలు

ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం వచ్చిందంటే కతోలిక ఉపదేశులకు (మతబోధకులకు) పాపసంకీర్తనం గురించి, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందడం గురించి, ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఆ పాపం ఎప్పుడో చెప్పుకున్నా. మనసుకు నెమ్మది లేదు. మళ్లీ చెప్పుకోవాల్నా?" సొంత విచారణలో (పారిష్‌లో) చెప్పుకున్నది చాలక నెల్లూరు కేథడ్రల్‌కు వస్తారు. అదీ చాలక ఫిబ్రవరిలో విజయవాడ గుణదల మాత తిరునాళ్ల వరుసలో నిలబడతారు. ప్రతిచోటా అదే పాపం.

అపోహ: శాంతి అనిపించలేదంటే క్షమాపణ అందలేదు.

వాస్తవం: మనసులో కలిగే అనుభూతి క్షమాపణకు కొలత కాదు. పశ్చాత్తాపపడి, గుర్తున్న చావైన పాపాలు (ఆత్మకు చావు తెచ్చేంత పెద్దవి) దాచకుండా చెప్పి, ప్రాయశ్చిత్తానికి సిద్ధపడితే, గురువు పాపవిమోచన వాక్యం పలకగానే పని అయిపోయింది. కన్నీళ్లు రాకపోయినా సరే. మర్చిపోయిన పాపమూ మన్ననలోకి వస్తుంది. అది చావైన పాపమైతే వచ్చేసారి చెప్పాలి, అంతవరకు సత్ప్రసాదం (పూజలో తీసుకునే అప్పం) మానుకోనక్కర్లేదు. సిగ్గుతోనో భయంతోనో చావైన పాపాన్ని కావాలని దాస్తే మాత్రం ఆ సంకీర్తనం చెల్లదు, మొత్తం తిరిగి చెప్పాలి.

ఈ బాధ పడ్డవాళ్లలో యేసు సభ స్థాపకుడు పునీత లొయోలా ఇగ్నేషియస్ ఒకరు. 1522లో స్పెయిన్‌లోని మోన్సెరాట్ మఠంలో మూడు రోజులపాటు రాసి మరీ సంకీర్తనం చేశారు. దగ్గర్లోని మన్రేసా పట్టణానికి వచ్చాక మళ్లీ అనుమానాలు పట్టుకున్నాయి. తేటగా గుర్తున్నవి తప్ప పాతవి చెప్పవద్దని గురువు ఆజ్ఞాపించారు. ఆయనకేమో అన్నీ తేటగానే కనిపించాయి! రోజుకు ఏడు గంటలు మోకాళ్లపై ప్రార్థించినా, వారం రోజులు పస్తున్నా తగ్గలేదు. ప్రాణం తీసుకోవాలన్న శోధన దాకా పోయింది. చివరికి పాత పాపాలు ఇక ఒక్కటీ చెప్పకూడదని తీర్మానించుకున్నాకే విడుదల. అందుకే ఇలాంటివాళ్లకు ఇచ్చే ఆజ్ఞలో "గుర్తుంటే చెప్పు" అనే సందు ఉంచకూడదు.

చేయాల్సింది ఇదీ. గురువులను మార్చకుండా ఒక్కరి దగ్గరికే వెళ్లండి, అనుమానాల బాధ ఉందని మొదటే చెప్పండి. ఆత్మపరిశోధన పది నిమిషాలు మించొద్దు, అదీ గత సంకీర్తనం తర్వాతి రోజులకే. పాపం ఏమిటి, ఎన్నిసార్లు, అంతే. అత్తాకోడళ్ల తగవు మొత్తం అక్కడ విప్పనక్కర్లేదు. విషయం పెద్దది కావాలి, పెద్దదని తెలియాలి, తెలిసీ ఒప్పుకోవాలి: ఈ మూడూ ఉంటేనే చావైన పాపం. పిలవకుండా వచ్చిన చెడు తలంపు పాపం కాదు. గురువు "ఇక చెప్పొద్దు" అంటే నోరు కట్టేసుకోండి. "నా పాపం అంత తేలిగ్గా పోయేది కాదు" అనుకోవడం వినయంలా కనిపిస్తుంది గానీ, దేవుడి తీర్పు మీద మన తీర్పు నిలబెట్టడమే అది. ఆయన మాట నమ్మడం ఇక్కడ అసలు వినయం, శాంతి దాని వెనకే మెల్లగా వస్తుంది.

ఐదు పదుల జపమాల ఇరవై నిమిషాల పని. ధ్యాస తప్పిందని ప్రతి మంగళవార్త జపం (మరియమ్మకు చేసే చిన్న ప్రార్థన) మళ్లీ మొదలుపెట్టి గంటన్నర చేస్తుంటే, నిద్ర చెడుతుంటే, మానసిక వైద్యుణ్ణి కలవండి. మందు మింగితే విశ్వాసం తగ్గదు.

మిగతావి గబగబా. గురువు బయట చెబుతారేమో? చెప్పకూడదు. సంకీర్తన రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువుకు ఆ క్షణమే శ్రీసభ (కతోలిక సంఘం) నుంచి వెలి పడుతుంది. భర్త కొడితే సహించడం వినయమా? కాదు, ముందు క్షేమంగా బయటపడండి. నవదినాల్లో (తొమ్మిది రోజుల ప్రార్థనలో) ఒకరోజు తప్పితే కీడా? ఏమీ కాదు. పదిమందికి పంపకపోతే శాపమంటూ వాట్సాప్‌లో వచ్చే జపాలు తుడిచేయండి. తపస్కాలంలో నవ్వకూడదా? ఎవరన్నారు? కట్టడగా ఉపవాసం విభూది బుధవారం (తపస్కాలం మొదటి రోజు), పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) మాత్రమే. 18 నిండినవాళ్ల నుంచి 59 నిండేవరకు వర్తిస్తుంది: ఒక పూట నిండుగా, మిగతా రెండు పూటలు కొద్దిగా. షుగరున్నవాళ్లకు, గర్భిణులకు ఆ కట్టడ లేదు.