కర్నూలు మీదుగా, కడపకు దూరంగా: బుల్లెట్ రైలు దారి వెనుక కథ

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు మ్యాపు మీద గీత గీస్తే అది కర్నూలు, అనంతపురం పక్కనుంచే పోతుంది. 44వ నంబరు జాతీయ రహదారి దారీ అదే. కాబట్టి 2026-27 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లలో హైదరాబాద్-బెంగళూరు ఉండటంలో వింతేమీ లేదు. 2025లో సర్వే సమయంలో పత్రికల్లో వచ్చిన ప్రాథమిక అలైన్‌మెంట్ (రైలు దారి గీత) పొడవు సుమారు 576 కిలోమీటర్లు. అందులో కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, హిందూపురం పేర్లున్నాయి. కడప లేదు.

పోనీ హైదరాబాద్-చెన్నై కారిడార్ అయినా కడప వైపు వస్తుందా అంటే, ఆ చర్చంతా అమరావతి చుట్టూ తిరుగుతోంది. 2025 ఆగస్టులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బుల్లెట్ రైలు గురించి చెబుతూ హైదరాబాద్, అమరావతి, చెన్నై, బెంగళూరు పేర్లే ఎత్తారు. రాజకీయం సంగతి అలా ఉంచితే, చెన్నైకి నేరుగా పోదామన్నా నల్లమల పులుల అడవి అడ్డం.

దీనిలో ఒక విచిత్రం ఉంది. మద్రాసు, బొంబాయిలను కలిపే లైను 1871లో రాయచూరు దగ్గర పూర్తయినప్పుడు కడప, గుత్తి, ఆదోని దాని మీదున్నాయి. ఆ రోజు తప్పిపోయింది కర్నూలు పట్టణం. మీటర్ గేజీ లైను వచ్చాకే, అంటే ఇరవయ్యో శతాబ్దంలో, కర్నూలు రైలు చూసింది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినా ఆ చిన్న గేజీతోనే సరిపెట్టుకుంది. బ్రాడ్ గేజీ 1990ల మాట. ఇప్పుడు వరస తిరగబడింది.

దేశంలో హైస్పీడ్ లైన్ల జాబితా కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. 2009 డిసెంబరులో మమతా బెనర్జీ రైల్వే మంత్రిగా ఉండగా వచ్చిన 'విజన్ 2020' పత్రంలో హైదరాబాద్-చెన్నై ఉంది గానీ, అది డోర్నకల్, విజయవాడ మీదుగా. హైదరాబాద్-బెంగళూరు లేనే లేదు. 2014లో వజ్ర చతుర్భుజి అన్నారు: ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా. 2020 నాటి జాతీయ రైలు ప్రణాళికలోనే హైదరాబాద్-బెంగళూరు మాట వచ్చింది. జాబితా వచ్చినప్పుడల్లా పేరు మారింది, గీతలు మారాయి. వీటన్నిటిలో పని మొదలైంది ముంబై-అహ్మదాబాద్ ఒక్కటే.

ఆ ఒక్కదాని కథ మనకు పాఠం లాంటిదే. 2017 సెప్టెంబరు 14న ప్రధాని మోదీ, జపాన్ ప్రధాని షింజో అబే శంకుస్థాపన చేశారు. 508 కిలోమీటర్లు, అప్పటి అంచనా రూ.1.08 లక్షల కోట్లు. అందులో 81 శాతం జపాన్ అప్పు. వడ్డీ 0.1 శాతమే, తీర్చడానికి 50 ఏళ్ల గడువు. 2022 ఆగస్టుకల్లా నడుపుతామన్నారు. ఇప్పుడు సూరత్-బిలిమోరా మధ్య తొలి ముక్కకే 2027 ఆగస్టు అంటున్నారు. డబ్బు లేక ఆగలేదు, భూమి దగ్గర ఆగింది. మహారాష్ట్రలోని పాల్ఘర్ ఆదివాసీ గ్రామాలు ఒప్పుకోలేదు. ముంబైలోని విక్రోలి భూమి కేసు 2023 ఫిబ్రవరి దాకా బాంబే హైకోర్టులో నడిచింది. మహారాష్ట్రలో ప్రభుత్వం మారాక గానీ వేగం రాలేదు.

ఖర్చులో వాటాల సంగతి మన రాయలసీమ జిల్లాల వాళ్లకు బాగా తెలిసిందే. ముంబై లైను నిర్వహించే సంస్థ మూలధనంలో కేంద్రం వాటా రూ.10 వేల కోట్లు, గుజరాత్, మహారాష్ట్ర చెరో రూ.5 వేల కోట్లు. ఇదే పద్ధతి ఇక్కడ పెడితే? కడప-బెంగళూరు లైను చూడండి. 2008-09లో మంజూరైంది, 255 కిలోమీటర్లు, సగం ఖర్చు రాష్ట్రానిది. కడప నుంచి పెండ్లిమర్రి దాకా 21 కిలోమీటర్లు వేసి ఆగిపోయారు. తర్వాత ముద్దనూరు వైపు తిప్పుదామన్న ప్రతిపాదన వచ్చింది. అలైన్‌మెంట్ మార్చాలన్న మాట వచ్చిందంటే ఫైలు మళ్లీ మొదటికే. నంద్యాల-ఎర్రగుంట్ల లైను అయితే 1996-97లో మంజూరై 2016లో రైలు చూసింది. మామూలు లైనుకే ఇరవై ఏళ్లు.

ఇక స్టాపింగ్. మన రైలు రాజకీయమంతా స్టాపింగ్ చుట్టూనే నడుస్తుంది. ఎంపీలు వినతిపత్రాలు ఇచ్చేదీ దానికే, ఫ్లెక్సీలు కట్టేదీ దానికే. బుల్లెట్ రైలు దగ్గర ఈ లెక్క వేరు. ముంబై-అహ్మదాబాద్ మధ్య కొద్దిచోట్లే ఆగే రైలుకు 2 గంటల 7 నిమిషాలు, అన్ని స్టేషన్లలో ఆగేదానికి 2 గంటల 58 నిమిషాలు అని అంచనా. దాదాపు గంట తేడా ఆగడంలోనే పోతుంది. డోన్‌లోనూ, గుత్తిలోనూ రోజుకు ఎన్ని ఆగుతాయన్నది అసలు ప్రశ్న. స్టేషన్ కట్టినంత మాత్రాన రైలు ఆగాలని లేదు.

పైగా ఆ స్టేషన్ ఊరి మధ్యలోనే వస్తుందన్న భరోసా లేదు. 320 కిలోమీటర్ల వేగానికి మలుపు వ్యాసార్థం కిలోమీటర్లలో ఉండాలి. పాత లైను తిరిగినట్టు ఊళ్లోకి తిరగలేదు.

భూమి దగ్గరికి వద్దాం. ముంబై లైనుకు పిల్లర్ల మీద వేసిన చోట 17.5 మీటర్ల వెడల్పు తీసుకున్నారు. కిలోమీటరుకు నాలుగెకరాల పైచిలుకు. చూడటానికి తక్కువే. అనంతపురం పక్క ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట మధ్యలోంచి ఈ గీత పోయిందనుకోండి. రైతు కోల్పోయేది అర ఎకరం పైన కొంచెం. కానీ బోరు ఒక పక్క, సగం చెట్లు రెండో పక్క. పిల్లర్ల మీదైతే కింద డ్రిప్ పైపు పోనివ్వొచ్చు, బండి తోలుకోవచ్చు. మట్టికట్ట మీదైతే అండర్‌పాస్ ఎక్కడ ఇస్తే అక్కడికి చుట్టూ తిరగాలి. వానొస్తే అండర్‌పాస్‌ల గతేమిటో అందరం చూస్తున్నదే. అందుకే గ్రామసభలో రైతు ముందు అడగాల్సింది ఎకరా ధర కాదు, ఇక్కడ పిల్లరా, కట్టా అని.

ధర తగాదా ఎలాగూ ఉంటుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మార్కెట్ విలువకు రిజిస్ట్రేషన్ దస్తావేజులూ ఒక ఆధారం. స్టాంపు డ్యూటీ తగ్గుతుందని తక్కువ రాయించుకున్న కాగితాలే అప్పుడు మెడకు చుట్టుకుంటాయి. తాత పేరు మీదే ఉండిపోయిన పాస్‌బుక్కులు, చేతులు మారిన డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకిచ్చిన భూములవి) ఉన్న చోట డబ్బు ఎవరికి ఇవ్వాలన్నదే పెద్ద పంచాయితీ.

ఇంతలో ఉన్న లైను పరిస్థితి చూడండి. 2023 సెప్టెంబరు 24న కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందేభారత్ మొదలైంది. కర్నూలు, అనంతపురం, ధర్మవరంలో ఆగుతుంది. సుమారు 610 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు పెట్టారు, అంటే సగటున గంటకు 72 కిలోమీటర్లు. రైలుకు చేతకాక కాదు. మహబూబ్‌నగర్-డోన్ మధ్య సింగిల్ లైను, ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు క్రాసింగ్‌కు ఆగాల్సిందే. ఇక్కడ రెండో లైను వేసే డబ్లింగ్‌కు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఒప్పుకుంది. బుల్లెట్ రైలు డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) కంటే ముందు ఈ పని పూర్తి చేయించడమే మన ఎంపీలకు చేతిలో ఉన్న పని అని నా అభిప్రాయం.

ఎందుకంటే ముంబై లైను స్టాండర్డ్ గేజీ, పట్టాల మధ్య 1,435 మిల్లీమీటర్లు. మన పట్టాలు 1,676. ఇక్కడా స్టాండర్డ్ గేజీయే అయితే ఆ రైలు పాత పట్టాలెక్కదు. కడప, నంద్యాల, ఆదోని ప్రయాణికులు మామూలు బండిలో వచ్చి కర్నూలులోనో గుత్తిలోనో దిగి మారాలి. అలైన్‌మెంట్ ఖరారయ్యేలోపు కడప నాయకులు అడగాల్సినది గుత్తి హైస్పీడ్ స్టేషన్ పాత జంక్షన్ పక్కనే రావాలని.