వచ్చేవాళ్ల లెక్క ఏ ఫైల్లో ఉంది?

ఆనందపురం మండలం తర్లువాడలో డేటా సెంటర్, నక్కపల్లి దగ్గర ఉక్కు కర్మాగారం. రెండుచోట్లా వినిపించేవి పాత మాటలే: భూములిచ్చిన మాకు ఉద్యోగాలేవి, బయటివాళ్లు ఎందుకొస్తున్నారు? మొదటి ప్రశ్నకు ప్రభుత్వాల దగ్గర ఏదో ఒక జవాబు ఉంటుంది, కనీసం ఒక జీవో ఉంటుంది. రెండోదానికి ఫైల్లో కాగితమే కనిపించదు. ఎందుకో తెలియాలంటే విశాఖ ఉక్కు దగ్గరికి వెళ్లాలి.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966 ఉద్యమం, 32 మంది ప్రాణాలు, 1970లో ఇందిరా గాంధీ ప్రకటన: ఇదంతా ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు, వదిలేద్దాం. ఇప్పటి గొడవకు వేరు ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో ఉంది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 'గోదావరి' వెలిగింది 1990లో. పీవీ నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేసేసరికి 1992 ఆగస్టు వచ్చేసింది. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లాడు అప్పటికి ఇంటర్ కూడా దాటేశాడు.

ఆ ఇరవై ఏళ్లలోనే 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. సుమారు 16,500 కుటుంబాలు ఆర్-కార్డుదారులయ్యాయి, అంటే నిర్వాసితులమని గుర్తింపు కార్డు పొందాయి. కార్డుకో ఉద్యోగం అన్నది నిర్వాసితులు అర్థం చేసుకున్న ఒప్పందం. కానీ పొలం ముందు పోయింది, ఫ్యాక్టరీ చాలా వెనక వచ్చింది. దుక్కి దున్నడం తప్ప వేరే పని తెలియని కుటుంబాలు పెదగంట్యాడ, అగనంపూడి వైపు కాలనీల్లో కూర్చుని ఎదురుచూశాయి. ఆ ఏళ్లలో వాళ్లకు వెల్డింగో ఫిట్టింగో నేర్పి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

అదే సమయంలో సైటులో మట్టిపని, కాంక్రీటు, ఇనుప పని జోరుగా సాగుతున్నాయి. కాంట్రాక్టరుకు రేపు పొద్దున్నే పనిలోకి దిగే మనిషి కావాలి. మేస్త్రీలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా నుంచి గుంపులుగా మనుషుల్ని తెచ్చారు. ప్లాంటు మొదలయ్యేనాటికి ఊరివాడి దగ్గర కార్డు ఉంది, వచ్చినవాడికి పని వచ్చు. వాళ్లిద్దరి మధ్య గొడవ అప్పుడే మొదలైంది.

నిర్వాసితుల లెక్కలో ఉద్యోగాలు దక్కింది సుమారు 8,000 మందికి. మిగతా సగం ఇంకా కార్డు పట్టుకునే ఉంది. యాజమాన్యం మాట క్లుప్తం: ఖాళీలను బట్టి, అర్హతను బట్టి ఇస్తాం. ఉక్కు కోసమని తీసుకున్న భూమిలో కొంత తర్వాత గంగవరం పోర్టుకు వెళ్లింది, మరి మా వాటా ఏదీ అని నిర్వాసితులు అడుగుతారు. 2021 జనవరి 27న ప్లాంటులో వాటాలన్నీ అమ్మేయాలని కేంద్రం నిర్ణయించాక టెన్షన్ ఇంకా పెరిగింది. కొనేవాడు ఈ కార్డును గుర్తిస్తాడా? దానికి ఇంతవరకు ఎవరూ సూటిగా బదులివ్వలేదు. వీళ్ల వాదనలో కొంత అతి ఉండొచ్చు, ఆ ప్రశ్నలో మాత్రం లేదు.

వచ్చినవాళ్లు గాజువాక చుట్టూ వరస గదుల్లో సర్దుకున్నారు. 2005లో గాజువాక విశాఖ మహానగర పాలక సంస్థ (జీవీఎంసీ)లో కలిసిపోయింది. వాళ్ల నీళ్లు, మురుగు, బడి అన్నీ అద్దెకిచ్చిన ఇంటి యజమానుల సర్దుబాట్లే తప్ప ఎవరి ప్లానులోనూ ఉన్నవి కావు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లనే లెక్కపెట్టింది. బంధువు ఫోన్ చేస్తే రైలెక్కి వచ్చినవాడు అందులోకి వచ్చేవాడు కాదు. 2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారి వెంట ఒడిశా వైపు నడిచి వెళ్తున్న జనాన్ని చూసి ఇంతమంది మన మధ్య ఉన్నారా అని నగరం ఆశ్చర్యపోయింది.

2013 భూసేకరణ చట్టం కొంత మేలు చేసింది. భూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడి పని మీద బతుకుతున్న కౌలుదారుకీ కూలికీ బాధిత కుటుంబంగా చోటిచ్చింది, సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి చేసింది. 2018లో రాష్ట్రం తెచ్చిన సవరణతో పారిశ్రామిక కారిడార్ల వంటి ప్రాజెక్టులను ఆ అంచనా నుంచి మినహాయించే వీలు వచ్చింది. నక్కపల్లి ఉన్నది విశాఖ–చెన్నై కారిడార్‌లోనే. 2019లో ఇంకో మందు వేశారు, ఫ్యాక్టరీ ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేశారు. ఇంతకీ ఆ చట్టం వచ్చేవాళ్లను ఆపలేదు, ఉన్నవాళ్లకు పని నేర్పలేదు.

అసలు ప్రశ్న కాగితం మీద లేదా అంటే, ఉంది. 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లోని దరఖాస్తు ఫారంలో ఒక గడి ఇదే అడుగుతుంది: ఈ ప్రాజెక్టు వల్ల తాత్కాలికంగా గానీ శాశ్వతంగా గానీ జనం ఈ ప్రాంతానికి వస్తారా? అవునో కాదో రాసి, పక్కన నాలుగు ముక్కలు వివరం ఇస్తే గడి నిండిపోతుంది. ఎంతమంది, ఎన్నేళ్లు, ఏ చెరువు నీళ్లు తాగుతారు అన్న లెక్కలు పంచాయతీ దాకా చేరవు.

డేటా సెంటర్ విషయంలో ఈ గడి మరీ ముఖ్యం. కట్టేటప్పుడు వేలమంది కావాలి, నడిపేటప్పుడు కొద్దిమంది చాలు. అనుమతి ఇచ్చేటప్పుడు సాధారణంగా ఒక షరతు పెడతారు: కూలీలకు సైటులోనే వసతి, మంచినీళ్లు, మరుగుదొడ్లు, పిల్లలకు క్రెష్ ఏర్పాటు చేయాలి, పని పూర్తయ్యాక ఆ షెడ్లు తీసేయాలి. షెడ్లు తీసేశాక అందులో ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్లాలో ఆ షరతులో ఉండదు. గాజువాకలో ఆ వరస గదులు ఇప్పటికీ ఉన్నాయి, కొన్నింటికి పైన రెండో అంతస్తు కూడా పడింది.