డొక్కు వేరు, పాత చింతకాయ పచ్చడి వేరు

మాంబళం, చెన్నై

చిరంజీవులైన మనవళ్లకూ మనవరాళ్లకూ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీ అందరి నోటా ఒకటే మాట. తాతయ్య స్కూటరు అవుట్‌డేటెడ్, హాల్లో గడియారం అవుట్‌డేటెడ్, పెద్దమామయ్య చెప్పిన జోకూ అవుట్‌డేటెడ్. పాతవాటిని వెక్కిరించొద్దని నేననను. అన్నిటికీ ఒకటే మాటైతే వెక్కిరింతలో పస ఉండదర్రా! మనకు దేనికి తగ్గ మాట దానికుంది.

స్కూటరుకు తగ్గది డొక్కు. పదిసార్లు తన్నితే గానీ కదలని బండి, రేకులు గలగలలాడే బస్సు, కిర్రుమనే ఫ్యాను, ఇవన్నీ డొక్కువే. ఎన్నేళ్లదైనా సరిగ్గా పనిచేస్తుంటే దాన్ని డొక్కు అనడం అన్యాయం. మన గడియారం ఇంకా టైము తప్పదు కాబట్టి దాన్ని కావాలంటే ఓబీరాయి కాలం నాటిది అనండి, ఊరుకుంటాను.

మామయ్య జోకు మాత్రం అచ్చంగా పాత చింతకాయ పచ్చడి. ఇది మాటలకూ, ఉపన్యాసాలకూ, సినిమా కథలకూ వాడతాం. స్కూటరును ఎవరూ అలా అనరు.

అసలు ఆ పచ్చడి ఎలా పెడతారో మీలో ఎవరూ చూడలేదు. చలికాలంలో గింజ ముదరని చింతకాయలు వస్తాయి. కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, ఉప్పూ పసుపూ వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీకెత్తాలి. మూడోనాడు తీసి గింజలూ ఈనెలూ ఏరేసి, మళ్లీ మెత్తగా తొక్కి, మూతకు గుడ్డ కట్టేయడమే. ఉప్పూ పులుపూ ఉన్నాయి కనక ఏళ్ల తరబడి చెడదు, రంగు మాత్రం నల్లబడుతూ పోతుంది. కావలసినప్పుడు ఇంత ముద్ద తీసి, ఎండుమిరపకాయలూ మెంతులూ ఇంగువా వేయించి కలిపి నూరుకుంటాం. బాలింతలకూ, జ్వరం తగ్గి నోరు చేదెక్కినవాళ్లకూ పథ్యంలో పాతదే పెట్టేవాళ్లు, కొత్తది పనికిరాదనేవాళ్లు.

ఇంత మర్యాద ఉన్న పచ్చడి తిట్టెలా అయిందంటారా? నా ఊహ చెబుతాను. రోజూ అదే జాడీ, అదే ముద్ద అయితే ఎవరికైనా విసుగే. ఆ తిట్టు పచ్చడికి కాదు, వడ్డించేవాళ్లకి.

ఇంకో రెండున్నాయి, అవి కాస్త పెద్దమనిషి తరహా మాటలు. అప్పిచ్చి ప్రామిసరీ నోటు రాయించుకుని, మధ్యలో కొంత బాకీ ముట్టినట్టు దాని మీద చెల్లు వేయించుకోకుండా మూడేళ్లు గడిపేస్తే దానికి కాలదోషం పట్టిందంటారు. ఇక కోర్టుకెళ్లినా డబ్బు రాదు. పత్రికలవాళ్లు ఇప్పుడు ఆ మాటను ఆలోచనలకూ చట్టాలకూ అంటిస్తున్నారు. రెండోది కాలం చెల్లడం. పావలా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది, అలాగన్నమాట. గడువు దాటిన మందులకూ ఇదే మాట. తొందరలో కాలం చేసిన మందులు అనేరు! కాలం చేయడమంటే పెద్దవాళ్లు పోవడం.

చిన్నవాడు "పాత తాత" అన్నాడని అందరూ నవ్వారు కదా. వయసు మీరినవాళ్లను ముసలివాళ్లంటాం, గౌరవంగా అయితే పెద్దాయన, పెద్దావిడ. ఎప్పటినుంచో తెలిసినవాడైతే పాత మనిషి. అతనికి పాతికేళ్లే ఉండొచ్చు.

ఇక పాత అనే మాటకు కొట్టు మారితే విలువే మారిపోతుంది. సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ ఉండేది. 1985లో అగ్గిపాలయ్యేదాకా మీ తాతయ్య అక్కడ పాత పుస్తకాలు కొనేవారు, అదీ సగానికి సగం బేరమాడి. అక్కడ పాత అంటే చవక. బియ్యం కొట్లోనో, పాత బియ్యం అంటేనే ధర పెరుగుతుంది, ఎందుకంటే ఆ అన్నం ముద్దకట్టదు, పొడిపొడిగా వస్తుంది. నమ్మకపోతే ఈసారి అమ్మతో కొట్టుకెళ్లినప్పుడు కొత్త బియ్యం, పాత బియ్యం రెండింటి ధరా అడిగి నాకు రాయండి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ