ఆల్చిప్పల్లో లోహాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నీళ్లలో విషం ఉంటే గుల్ల చచ్చిపోయేదే కదా, బతికే ఉందంటే తినొచ్చు.

సీఫుడ్ పరీక్షించే ల్యాబ్‌లో నేను తరచూ వినే మాట ఇది. తప్పు. ఆల్చిప్ప గంటకు లీటర్ల కొద్దీ నీటిని మొప్పల్లోంచి వడకట్టి తిండి ఏరుకుంటుంది. తిండితోపాటే రాగి, జింక్, కాడ్మియం లాంటి లోహాలూ లోపలికొస్తాయి. వాటిని బయటికి పంపడం కంటే లోపలే కట్టిపడేయడం దాని పద్ధతి. మెటలోథయోనిన్ అని ఒక చిన్న ప్రోటీన్ ఉంది (1957లో మొదట గుర్రం కిడ్నీలో దొరికింది, మన ఒంట్లోనూ ఉంది). అందులో దాదాపు మూడో వంతు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్లను కట్టే ఇటుక లాంటిది). సిస్టీన్‌లోని గంధకం కాడ్మియాన్ని వదలకుండా పట్టుకుంటుంది. మరికొంత లోహం కణాల్లో నలుసుల్లా గడ్డకట్టి ఉండిపోతుంది. ఎంజైముల జోలికి పోదు కాబట్టి గుల్లకు ఇబ్బంది లేదు. తిన్న మనకు ఆ ప్రోటీన్ అరిగాక, అది పట్టి ఉంచిన లోహంలో కొంత ఒంట్లో చేరుతుంది.

అపోహ: ఆకుపచ్చగా ఉంటే విషం, లేకపోతే మంచిదే.

1986లో తైవాన్‌లోని ఎర్జెన్ నది దగ్గరి తీరంలో ఆయిస్టర్లు (ఒక రకం ఆల్చిప్పలు) ఆకుపచ్చగా మారాయి. ఎగువన లోహపు తుక్కు నుంచి రాగి తీసే పనులు జరిగేవి, ఆ రాగి ఆయిస్టర్ల రక్తకణాల్లో నిండిపోయింది. ఇంగ్లండ్‌లో ఫాల్ నదీముఖంలోనూ పాత గనుల వల్ల ఇదే జరిగింది. అయితే ఫ్రాన్స్‌లోని మారెన్ ఆకుపచ్చ ఆయిస్టర్లకు మంచి గిరాకీ! అక్కడి చెరువుల్లో పెరిగే కంటికి కనిపించనంత చిన్న నాచు రంగు వాటి మొప్పలకు పడుతుంది, అంతే. ఇక కాడ్మియం, సీసం, పాదరసం ఏ రంగూ చూపించవు. కంటితో తేల్చే పని కాదిది.

అపోహ: రెండు రోజులు శుభ్రమైన సముద్రపు నీళ్లలో ఉంచితే అంతా పోతుంది.

బ్యాక్టీరియా చాలావరకు పోతుంది. బ్రిటన్‌లో అందుకే మామూలుగా 42 గంటలు శుద్ధి ట్యాంకుల్లో ఉంచుతారు. కట్టిపడేసిన కాడ్మియం తగ్గాలంటే వారాలు, నెలలు పడుతుంది. ఉడికించినా అంతే. పైగా నీరు పోయి మాంసం ముడుచుకుంటే గ్రాముకు లోహం లెక్క పెరుగుతుంది కూడా.

అపోహ: లోహం మాంసమంతా ఒకేలా ఉంటుంది.

స్కాలప్ (ఇదీ ఆల్చిప్పల జాతే) విప్పితే తెల్లటి గుండ్రని కండరం, పక్కనే ముదురు గోధుమరంగు మెత్తటి ముద్ద కనిపిస్తాయి. ఆ ముద్ద జీర్ణగ్రంథి, కాడ్మియం చేరేది ప్రధానంగా అక్కడే. మొత్తం కలిపి రుబ్బితే ఒక అంకె, కండరం ఒక్కటే పరీక్షిస్తే చాలా తక్కువ అంకె. యూరోపియన్ యూనియన్‌లో ఆల్చిప్పల జాతికి కాడ్మియం పరిమితి కిలోకు 1 మిల్లీగ్రాము. శాంపిల్‌గా ఏ భాగం ఇచ్చారో అడగకుండా రిపోర్టు నమ్మొద్దు.

అపోహ: రిపోర్టులో ఆర్సెనిక్ ఎక్కువుంటే సరుకు పారేయాల్సిందే.

ఈ ఒక్క విషయంలో అనవసరంగా టెన్షన్ పడతారు. సముద్రపు ఆహారంలో ఆర్సెనిక్ ఎక్కువగా ఆర్సెనోబిటైన్ అనే కర్బన రూపంలో ఉంటుంది. అది మన ఒంట్లో మారకుండా మూత్రంలో బయటికి పోతుంది. ప్రమాదకరమైనది అకర్బన ఆర్సెనిక్ (కార్బన్‌తో కలవనిది). దాన్ని విడిగా కొలవమని ల్యాబ్‌ను అడగండి.