సీమ పల్లెల నుంచి ప్రపంచ యుద్ధాలకు వెళ్లినవారు: అపోహలు, వాస్తవాలు

వృత్తిరీత్యా చరిత్ర అధ్యాపకుడిని. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో తిరుగుతూ, రెండు ప్రపంచ యుద్ధాలకు వెళ్లిన మనుషుల గురించి వారి మనుమలు, మునిమనుమలు చెప్పే సంగతులను చాలా ఏళ్లుగా రాసుకుంటున్నాను. ప్రతి ఊరిలోనూ కొన్ని మాటలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. వాటిని నమ్మడం వల్ల ఇళ్లలో మిగిలిన కొద్దిపాటి ఆనవాళ్లు కూడా చెత్తలో కలిసిపోతున్నాయి కనుక ఇది రాస్తున్నాను.

అపోహ: యుద్ధాలకు వెళ్లింది పంజాబీలు, గూర్ఖాలే, మనవాళ్లు సైన్యానికి పనికిరారన్నారు.

అలా అన్న మాట నిజమే, కానీ అది బ్రిటిష్ వారి విధానమే తప్ప మన చరిత్ర కాదు. కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలంలో మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎంత ఎక్కువగా ఉండేవారంటే, క్లైవు కాలంలో అక్కడి నుంచి బెంగాలుకు వెళ్లిన దళాల వల్ల ఉత్తర భారతంలో సిపాయికి ‘తిలంగా’ అన్న పేరే స్థిరపడింది. 1857లో ఢిల్లీ జనం అవధ్, బీహారు ప్రాంతాల నుంచి వచ్చిన తిరుగుబాటు సిపాయిలను కూడా తిలంగాలనే పిలిచారు. 1880ల నుంచి కొన్ని జాతులే యుద్ధానికి తగినవన్న సిద్ధాంతం బలపడి, మద్రాసు దళాలను తగ్గిస్తూ వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రద్దయిన మద్రాసు రెజిమెంటును రెండో యుద్ధంలో అవసరం ముంచుకొచ్చాక మళ్లీ నిలబెట్టారు. వంతెనలు, దారులు వేసే ఇంజనీరు దళమైన మద్రాసు శాపర్లు మాత్రం రెండు యుద్ధాల్లోనూ ఉన్నారు.

అపోహ: యుద్ధానికి వెళ్లడమంటే తుపాకీ పట్టడమే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో భారతదేశం నుంచి సముద్రం దాటినవారిలో లక్షలమంది సిపాయిలు కారు. కంచర గాడిదలను తోలేవారు, నీళ్లు మోసేవారు, వంటవారు, డోలీలు ఎత్తేవారు, ఓడల నుంచి సరుకు దించేవారు, రైలుకట్టలు వేసేవారు సైన్యం భాషలో ‘ఫాలోయర్లు’. యుద్ధకాలంలో చేరిన ఫాలోయర్ల సంఖ్య 5 లక్షలకు పైమాటే. మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాకులో, పనివాళ్లు చాలక 1916 నుంచి మన జైళ్లలోని ఖైదీలను కూడా కూలి దళాలుగా పంపించారు. అక్కడి కూత్ అల్ అమారాలో నెలల తరబడి టర్కీ సేనల ముట్టడిలో చిక్కి, 1916 ఏప్రిల్ 29న లొంగిపోయిన సుమారు 13,000 మందిలో వేలమంది ఫాలోయర్లు ఉన్నారు. ఆకలి, ఎండ, ఎడారి నడక సిపాయికీ వంటవాడికీ తేడా చూపలేదు గానీ, జీతంలోనూ పింఛనులోనూ ఆ తేడాను ప్రభుత్వం చూపింది.

పతకంలోనూ చూపింది. గుత్తి దగ్గరి ఒక పల్లెలో ఒక అవ్వ ధనియాల డబ్బా అడుగు నుంచి గుడ్డలో చుట్టిన ఒక బిళ్లను తీసి నా చేతిలో పెట్టింది. ఒకవైపు రాజు తల, రెండోవైపు గుర్రం మీద దిసమొలతో ఉన్న మనిషి, 1914, 1918 అన్న అంకెలు.

“మా జేజినాయనది సారూ. ఎండిదై ఉంటే ఏ కరువులోనో అమ్మేసుండేవాళ్లం. ఉత్త రాగి బిళ్ల గదా, అట్లే పడుంది” అన్నది.

అది రాగి కాదు, కంచు. బ్రిటిష్ వార్ మెడల్‌ను సిపాయిలకు వెండితో, కూలి దళాలవారికి కంచుతో పోశారు. బిళ్లను పక్కకు తిప్పి, అంచును దీపం వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే, ఒక నంబరు, దాని పక్కన ‘కూలీ’ అన్న హోదా, తర్వాత సగం అరిగిన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించాయి. నేను ఆ పేరు పైకి చదివితే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన జేజినాయన పేరు దాని మీద ఉందని ఆమెకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

అపోహ: స్మారకాల మీద పేరు లేకపోతే అక్కడ చనిపోనట్లే.

ఇరాకులోని బస్రా స్మారకం 40,000 మందికి పైగా మృతుల కోసం కట్టినది. అందులో బ్రిటిష్ వారికీ, భారతీయ అధికారులకూ పేర్లు చెక్కి, సాధారణ భారతీయ సిపాయిలను మాత్రం దళాలవారీగా అంకెల్లో చూపారు. ఈ అసమానతను కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021 నివేదికలో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది. పత్తికొండ వైపు ఒక ఇంట్లో చావు కబురు ఏ కాగితం మీదా రాలేదు. నెలనెలా వచ్చే మనియార్డరు ఆగిపోయింది, రెండేళ్లు చూసి కర్మ చేశారు. అలాంటి ఇంటివారి మాటే మనకున్న రికార్డు. అయితే దాన్ని జాగ్రత్తగా వినాలి: నేను కలిసినవారిలో చాలామంది ఏ పరదేశానికి పోయినా ‘బస్రాకు పోయినాడు’ అనే చెబుతారు.

అపోహ: సైన్యంలో చేరినవారు తెల్లదొరల భక్తులు, జైలుకు వెళ్లినవారే దేశభక్తులు.

వానలు లేని నేలలో నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం ఎంత పెద్ద మాటో సీమవారికి నేను చెప్పనక్కరలేదు. రెండో యుద్ధంలో భారత సైన్యం సుమారు 2 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. ఆ పెరుగుదలలో రాజభక్తికంటే కడుపు పాత్రే పెద్దదని నేను విన్న జ్ఞాపకాలు చెబుతున్నాయి. అదే సమయంలో, యుద్ధానికి ధనం గానీ జనం గానీ ఇవ్వకూడదంటూ 1940లో వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది. యుద్ధం వల్ల పేదల మీద పడే ఆర్థిక భారం గురించి రాసినందుకు కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డిని అదే ఏడు జైలులో పెట్టారు. అన్న సైన్యంలో, తమ్ముడు జైలులో ఉన్న ఇంటిని కడప జిల్లాలో చూశాను. ఇద్దరి ఉత్తరాలూ ఒకే ట్రంకుపెట్టెలో ఉన్నాయి, ఇద్దరివీ ప్రభుత్వం తెరిచి చదివినవే.

అపోహ: యుద్ధం మన గడప దాకా రాలేదు.

వచ్చింది. దత్తమండలాల్లో మనతో కలిసి ఉండిన బళ్లారిలో మొదటి యుద్ధంలో టర్కీ యుద్ధఖైదీల శిబిరం ఉండేది. 1917లో రెడ్‌క్రాస్ ప్రతినిధులు వచ్చి దాన్ని చూసి వెళ్లారు. 1918లో బొంబాయి రేవులో దిగి రైలుమార్గాల వెంట వ్యాపించిన ఇన్‌ఫ్లూయెంజా దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. 1942లో బర్మా జపాను చేతికి చిక్కాక అక్కడి బియ్యం ఆగిపోయింది.

మీ ఇంట్లో ఇలాంటి బిళ్ల ఉంటే దయచేసి చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది గానీ తోమిన ప్రతిసారీ అంచు మీది అక్షరాలు కొంత అరిగిపోతాయి. పొడిగుడ్డతో తుడిచి, వెలుగు పక్కనుంచి పడేలా పెట్టి, అంచు చుట్టూ నాలుగైదు ఫోటోలు తీయండి. నంబరును, పేరును వేరే కాగితం మీద రాయండి. తర్వాత ఇంట్లో అందరికంటే పెద్దవారి పక్కన కూర్చొని, యుద్ధానికి వెళ్లినాయన ఏ రేవులో ఓడ ఎక్కారని కాక, ఇంటి నుంచి బయలుదేరిన రోజు ఎవరు ఏడ్చారని అడగండి. రేవు పేరు మరిచిపోయినవారికి కూడా అది గుర్తుంటుంది, మిగతాది ఆ జ్ఞాపకం వెంట వస్తుంది.